ఆ ఏటి పొట్టేలు నాలుక

మొన్న ఆదివారం కొత్తగూడెంలో మటన్ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. దుకాణంవాడు గ్యాసు మంట పెట్టి పొట్టేలు తలకాయ కాలుస్తున్నాడు. బొచ్చు చిటచిటమని కాలి ఆ కమురు వాసన బజారంతా కమ్మింది. గోడకున్న టీవీలో ఏదో మంచుదేశం చూపిస్తున్నారు, ఐస్‌లాండట. అక్కడ కూడా ఒక ముసలావిడ గొర్రె తలకాయనే కాల్చి, నిలువునా రెండు చెక్కలు చేసి, ఉడకబెట్టి ఆలుగడ్డలతో పళ్ళెంలో పెట్టింది. రక్తంలో పిండీ కొవ్వూ కలిపి గొర్రె కడుపుసంచిలో పోసి కుట్టింది. చలికాలం దాటాలంటే ఇట్లా దాచుకోక తప్పేది కాదట, చేపల్ని కూడా గాలికి కట్టెల్లా ఎండబెట్టుకునేవాళ్ళట. నా పక్కన నిలబడ్డ ఒకాయన "ఛీ, గదేం తిండి?" అన్నాడు. ఆయన సంచిలో తలకాయా, బోటీ, మేం నల్ల అనే గడ్డకట్టిన రక్తమూ ఉన్నాయి. "మీ సంచిలో ఉన్నదేంది మరి?" అన్నాను. నా నోరు పెద్దది. ముప్ఫై ఏళ్ళు దవాఖానాలో నర్సుగా చేసి ఇంకా పెద్దదయింది.

ఆ మంచుదేశం వాళ్ళకు చలికాలం ఎట్లాగో మాకు వానకాలం అట్లా. మా ఊరు చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట, ముప్ఫై గడపల పల్లె. మృగశిరలో వాన మొదలైతే వాగు పొంగేది, దసరా దాకా అవతలి ఒడ్డున ఆగిన బస్సు కూత వినడమే తప్ప ఎక్కడం ఉండేది కాదు. అందుకని ఎండ ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళు ఎండబెట్టడమే పని. దోస వరుగులు, కాకర వరుగులు, మామిడి వరుగులు, చింతపండు, ఇప్పపువ్వు, గోదారి నుంచి బుట్టల్లో వచ్చే ఎండు చేపలు. అడవి లోపలి గూడేల ఆడవాళ్ళు ఇప్పపువ్వూ వెదురు పిలకలూ తెచ్చి జొన్నలకు మార్చుకునేవారు. వాళ్ళ మాట మాకు సగమే అర్థమయ్యేది, అయినా బేరం మాత్రం ఇద్దరికీ పూర్తిగా అర్థమయ్యేది. అన్నిటికన్నా చివర, రోహిణి కార్తెలో, బండరాయి మీద కాలు పెడితే బొబ్బ లేచే ఎండలో, పొట్టేలును కోసి మాంసం ఎండబెట్టేవాళ్ళం.

చిన్నతనం గురించి రాసేవాళ్ళందరూ తియ్యగా రాస్తారు. నాకు చేతకాదు. మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు దెబ్బలు తినేవారు. మా నాయిన పేరు ముత్తయ్య, ఆయన అన్న, అంటే మా పెదనాయిన, కోటయ్య. ఇద్దరికీ కోపం ముక్కు మీద కాదు, చేతుల్లోనే ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్ళెం గోడకు తగిలేది, ఎద్దు మొరాయిస్తే దాని వీపు మీద పడ్డ ముల్లుగర్రే ఇంటికొచ్చి అమ్మ వీపు మీద పడేది. అమ్మా పెద్దమ్మా తోడబుట్టిన అక్కాచెల్లెళ్ళు, ఒకే పందిట్లో అన్నదమ్ములను చేసుకున్నారు. ఒకరికి దెబ్బలు పడ్డ పొద్దున ఇంకొకరు పసుపూ ఆముదమూ కాచి పట్టుకొచ్చేవారు. ఏమైందని అడిగేవారు కాదు. నడుము మీద చీర పక్కకు లాగి పట్టు వేసి, ఆ చేత్తోనే జొన్నపిండి కలుపుకునేవారు. మా అమ్మకు ఈ లోకంలో ఏదైనా సుఖం ఉందంటే అది గోడ అవతల వాళ్ళక్క ఉండడమే.

అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకోకుండా ఆపింది మా నాయనమ్మ. ఆమె పెనిమిటిని, అంటే మా తాతను, సొంత తమ్ముడే కళ్ళంలో గుదియతో కొట్టి చంపాడు. ఇద్దరు మగపిల్లలను చంకన వేసుకుని మిగిలిన నాయనమ్మ ఒక కట్టడి పెట్టింది. ఏటా వరుగుల పొట్టేలును కోసిననాడు నాలుకను ముక్కలు చేసి కూరలో వెయ్యకూడదు. విడిగా తీసి, ఉప్పూ కారం రాసి నిప్పుల మీద కాల్చి, సమానంగా రెండు చెక్కలు చేసి ఇద్దరు కొడుకులకూ తన చేత్తో పెట్టేది. "ఒక్క నాలుక తిన్నరు. మళ్ళ రోహిణి దాక ఒకరి మీద ఒకరు చెయ్యెత్తొద్దు" అనేది. నవ్వులాటకు కాదు. వాళ్ళు నిజంగా భయపడేవాళ్ళు. పెళ్ళాలను కొట్టేవాళ్ళు, ఎద్దులను కొట్టేవాళ్ళు, మమ్మల్ని కొట్టేవాళ్ళు, ఒకరి మీద మరొకరు మాత్రం పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాళ్ళు. ఇల్లూ పొలమూ పంచుకుని నడిమింట్లో గోడ లేచాక కూడా పొట్టేలు ఒక్కటే, నాలుక ఒక్కటే.

నాకు పదేళ్ళప్పుడు, రోహిణి కార్తెకు ముందే, నాయనమ్మ పోయింది. ఆ ఏడు కట్టడి నడపడం అక్కాచెల్లెళ్ళ మీద పడింది.

పొట్టేలును కోయడం మాకు పండగ కన్నా ఎక్కువ. తెల్లవారుతూనే నాయిన దాన్ని వెల్లకిలా పడేసి డొక్క మీద మోకాలు మోపి కాళ్ళు పట్టేవాడు. పెదనాయిన గొంతు కోసేవాడు. "జల్దీ కానియ్యే" అని నాయిన, "నువ్ గట్టిగ పట్టురా, ఇడవకు" అని పెదనాయిన. ఆ పనిలో వాళ్ళిద్దరికీ ఉన్న పొందిక ఇంకెక్కడా చూడలేదు. పెద్దమ్మ సత్తుగిన్నెలో ఉప్పు వేసి రక్తం పట్టేది. గిన్నె నిండుతుంటే నురగ లేచేది, కాళ్ళు ఇంకా తన్నుకుంటూనే ఉండేవి. వెనక కాలికి గాటు పెట్టి నోటితో గాలి ఊదితే తోలు ఉబ్బి మాంసం నుంచి ఊడివచ్చేది. చింతకొమ్మకు వేలాడదీసి ఒలిచేవారు. ఉచ్చబుడ్డను ఊది దారం కట్టి మాకు ఇచ్చేవారు, దాన్ని ఎగరేసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళం. మోకాలి గిలకలు కడిగి ఎండబెట్టుకుంటే గచ్చకాయల ఆటకు ఏడాదంతా వచ్చేవి. ఈగలు, కుక్కలు, కాకులు, ఎండలో ఉడికిపోతున్న పేగుల వాసన. ఆ వాసనకు నాకు నోరూరేది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

అమ్మ కత్తిపీట ముందు కూర్చుని మాంసాన్ని జానెడు పొడుగు తునకలుగా కోస్తుండేది. వాటికి ఉప్పు, పసుపు, కారం పట్టించి దారానికి గుచ్చి దండేల మీద వేయాలి. ఆ పొద్దున అమ్మ ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ముందురోజు కళ్ళంలో నీళ్ళు అందించడం ఆలస్యమైందని నాయిన కొట్టాడు. ఒంటి కన్నుతో కోస్తూ కూడా తునకలు ఒక్క మందంలో వచ్చేటట్టు కోసింది. నేను ఉచ్చబుడ్డతో అటూ ఇటూ పరుగెత్తి నల్ల పట్టిన గిన్నెను తన్నాను. సగం రక్తం మట్టిపాలయింది. నాయిన లేచి నా చెంప మీద కొట్టిన దెబ్బకు చెవిలో రోజంతా హోరు వినపడింది. ఇప్పటికీ ఆ చెవి మందమే.

మధ్యాహ్నం పెద్దమ్మ తలకాయను కట్టెకు గుచ్చి మంట మీద తిప్పి తిప్పి కాల్చింది, కత్తితో గీరింది, పసుపు రాసి కడిగింది. దవడ చీల్చి నాలుక తీసి, తోలు ఊడదీసి, ఉప్పూ కారం పట్టించి ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల మీద పెట్టింది. "సరోజా, కుక్కలొస్తయ్, జర సూడు. నీళ్ళు తెస్త" అని బిందె తీసుకుని వెళ్ళింది. నేనూ నాలుకా మిగిలాం. కొవ్వు నిప్పుల మీద పడి చుయ్యిమంటోంది. ఆ ఇంట్లో ఆడది నాలుక తిని ఎరగదు. ఆడపిల్ల తింటే నోరు పెద్దదవుతుందనేవారు. నా చెవి హోరెత్తుతోంది, వరండాలో నాయిన మంచం మీద కాలు మీద కాలు వేసుకుని చుట్ట తాగుతున్నాడు. ఆయన నోట్లోకి పోవాల్సింది ఆయన నోట్లోకి పోకూడదనిపించింది. ఆకలి కాదు. పగ. పదేళ్ళ పిల్లకు పగ ఉండదనుకునేవాళ్ళు పిల్లలను ఎప్పుడూ చూడనివాళ్ళు. చువ్వ నుంచి లాగి, కాలుతుంటే కాలుతుండగానే కొరికి మింగేశాను. పెదవులు బొబ్బలెక్కాయి. చువ్వ అక్కడే పడేసి పొలాల వైపు పరుగెత్తి గడ్డివాము వెనక కూర్చున్నాను.

పొద్దు వాలినాక ఇంటికి వచ్చాను. తిండ్లు అయిపోయాయి. ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దమ్మ నా మొహం వంక ఒకసారి చూసి, తలకాయ కూర పెట్టి పక్కకు తిరిగింది. అమ్మ ఇంత వెన్న తెచ్చి పెదవులకు రాసింది. నాలుక లేకుండానే ఆ రోజు గడిచిపోయిందనీ, భయపడి ఎవరూ ఆ మాట ఎత్తలేదనీ అనుకున్నాను. ఆ తరువాత ఎనిమిది రోజులు దండేల కింద కాకులను తోలుతూ కూర్చున్నాను. ఎర్రటి తునకలు నల్లబడి, ముడుచుకుని, చివరికి ఒకదానికొకటి తగిలితే టకటకమనేవి. కుండకెత్తి, సగం మాకూ సగం పెద్దమ్మకూ పంచుకున్నారు. ప్రతి రాత్రీ నాయినా పెదనాయినా తిట్టుకుంటారేమోనని గోడకు మంచి చెవి ఆనించి పడుకునేదాన్ని.

మృగశిర మొదటి వాన పడ్డ మర్నాడు అమ్మ నాకు అంబలి కుండ ఇచ్చి పొలానికి పంపింది. నాయిన ఎద్దులు వదిలేసి గట్టు మీద నిలబడి ఉన్నాడు. పెదనాయిన ఆయనకు ఎదురుగా ఉన్నాడు.

"గట్టు చెక్కినవ్‌రా. నాగలి సాలుడు లోపలికొచ్చినవ్."

"నేను రాలే. నువ్వే పోయినేడు జరిపినవ్."

పెదనాయిన ముల్లుగర్రతో నాయిన మొహం మీద కొట్టాడు. ముక్కు పగిలి రక్తం గడ్డం మీదికి కారింది. నాయిన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నాగలి పక్కనున్న గొడ్డలి తీసుకున్నాడు. నేను అరిచానో లేదో తెలియదు. తల మీద పడబోయిన దెబ్బకు పెదనాయిన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగు వేళ్ళు తెగి కొత్త సాలులో పడ్డాయి, బొటనవేలు ఒక్కటే మిగిలింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడో దెబ్బకు ఎత్తేసరికి పక్క పొలం వాళ్ళు వచ్చి నాయినను వెనక నుంచి పట్టుకున్నారు. అప్పటికే ఎర్రమట్టి, రక్తం, వాననీళ్ళు ఒక్కటయ్యాయి. నా చేతిలోని అంబలి కుండ నేను పడేయలేదు. రెండు చేతులా పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. కొంగు చింపి మణికట్టు మీద బిగించి కట్టింది. ఆ తరువాత మోకాళ్ళ మీద కూర్చుని బురదలో వేళ్ళ కోసం వెతికింది. మూడు దొరికాయి. వాటిని మోదుగాకులో పెట్టుకుంది, ఎందుకో ఆమెకే తెలియాలి. అంతలో అమ్మ వచ్చింది. "అక్కా" అని ఒంగి భుజం మీద చెయ్యి వేయబోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి విసిరికొట్టి "రాకు. ఇటు రాకు నువ్వు" అన్నది. నరికింది నాయిన. విసిరికొట్టింది అమ్మ చెయ్యిని.

బండి మీద పెదనాయినను వాగు దాటించి దవాఖానాకు తీసుకుపోయారు. నాయిన అడవిలోకి పారిపోయి నాలుగోరోజు పోలీసులకు దొరికాడు. ఏడాదిన్నర జైల్లో ఉన్నాడు. ఆ వానకాలం వాగు మమ్మల్ని ఎప్పటిలాగే మూసేసింది. ఇంట్లో జొన్నలూ, ఎండు తునకల కుండా తప్ప ఏమీ లేవు. అమ్మ తునకలను నానబెట్టి, రోట్లో నలగ్గొట్టి, గోంగూర వేసి పులుసు పెట్టేది. ఆ వాసన గోడ దాటిపోయేది. మాకు పెట్టేది కానీ తను ఒక్కనాడూ ముద్ద ముట్టలేదు, పచ్చిమిరపకాయ నంజుకుని తినేది. గోడ అవతల పెద్దమ్మ తన వాటా కుండను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద బోర్లించింది. కుక్కలు తునకల కోసం ఒకదాన్నొకటి చీల్చుకున్నాయి. అది కోపమే అనుకున్నాను. అమ్మకు మాత్రం అది చూశాక మాట పడిపోయినట్టే అయింది.

నాయిన వచ్చాక గోడ ఇంకో మూరెడు లేచింది. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే బావిలో చేదలు వేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తలలు వంచుకున్నారు. దెబ్బలు తిన్న పొద్దున అమ్మ ఆముదం తనే కాచుకునేది, వీపుకు చెయ్యి అందక సగం కిందికి కారేది. నేను రాస్తానంటే వద్దనేది. అదంతా నేను చేశాననే నమ్మాను. నలభై ఏళ్ళు నమ్మాను. దవాఖానాకు గొడ్డలి దెబ్బలతో ఎవరు వచ్చినా, కుట్లు వేయడానికి డాక్టరుకు దారం అందిస్తూ, వీళ్ళింట్లో ఎవరు ఏం తిన్నారోనని ఒక్క క్షణం అనిపించేది. చదువుకున్నదాన్ని, నవ్వుకునేదాన్ని, అయినా అనిపించేది.

పెదనాయిన పోయాడు, నాయిన పోయాడు. పోయినేడు అమ్మ మంచం పట్టింది. పోయే ముందు మూడోరోజున పెద్దమ్మ కర్ర పట్టుకుని గోడ చుట్టూ తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. అమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పింది. నాకు వినపడలేదు.

అమ్మ సంవత్సరీకం అయిపోయిన వారానికి, మొన్నటి ఆదివారం ఆ దుకాణం నుంచి నేరుగా ఊరికి పోయాను. వాగు మీద వంతెన పడింది. వానకాలమైనా గంటకో బస్సు తిరుగుతోంది, ఇక మాంసం ఎండబెట్టుకునే అవసరం ఎవరికి? దండేల మీద స్కూలు బట్టలు ఆరుతున్నాయి. పిల్లలకు ఉచ్చబుడ్డ అంటే తెలియదు. ఇప్పచెట్లు కొట్టేసి జామాయిల్ వేశారు. నాయినా పెదనాయినా నరుక్కున్న పొలాలు రెండూ కలిపి ఎవరో కౌలుకు తీసుకుని పామాయిల్ పెట్టారు. గట్టు లేదు. ఎక్కడుండేదో నేను కూడా చూపలేకపోయాను.

పెద్దమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. బీపీ చూశాను. యంత్రం సంచిలో పెడుతూ ఉన్నట్టుండి చెప్పేశాను.

"పెద్దమ్మా, ఆ యేడు నాలుక నేనే తిన్న."

"ఎరుకే" అన్నది. "మూతంత కారముండె. పెదవులు బొబ్బలెక్కినయ్. నాకు కండ్లు లేవా?"

"మరి వాళ్ళకేం పెట్టినవ్?"

"గుండెకాయ. మీ అమ్మనే కోసిచ్చింది. మీ నాయినకు తెలిస్తే నిన్ను సంపేటోడు. 'అక్కా, దీన్నే కాల్చియ్యి, ఎవ్వరికి చెప్పకు' అన్నది. కారం దట్టంగ పూసి నల్లగ కాల్చి రెండు చెక్కలు జేసిన. ఇద్దరు తిన్నరు. ఈయేడు నాలుక మంచిగ కాలిందన్నడు మీ పెదనాయిన."

ఆమె పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాను.

"మోసం జేసినం, గందుకే గట్లయిందనుకున్న. కాల్చిచ్చింది నేనే గద. మీ అమ్మ మొకం ఎట్ల సూడను? దానికి కోపమనుకున్న. సచ్చే ముందల అదేమన్నదో ఎరుకనా? 'కోసిచ్చింది నేనే గదక్కా, పాపం నాదే' అన్నది."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. గొడ్డలి పట్టుకున్నవాడు జైలు నుంచి వచ్చి మంచం మీద కాలు మీద కాలు వేసుకుని ఇంకో ముప్ఫై ఏళ్ళు చుట్ట తాగాడు. ముల్లుగర్ర పట్టుకున్నవాడు మిగిలిన కుడిచేత్తోనే పెద్దమ్మ జుట్టు పట్టుకునేవాడు. వాళ్ళు నాలుకే తిన్నామనుకుని తిన్నారు, తిని నరుక్కున్నారు. తప్పు మాత్రం ముగ్గురం ఆడవాళ్ళం గోడకు చెరో పక్క కూర్చుని నలభై ఏళ్ళు మోశాం, ఒకరికి తెలియకుండా ఒకరం. ఆ మాట చెప్పాలంటే అమ్మ లేదు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ముప్ఫై పొట్టేళ్ళ తలకాయలు కాల్చిన చెయ్యి అది.

"సరోజా" అన్నది. "మంచిగుండెనా?"

"ఏంది పెద్దమ్మా?"

"నాలుక. నేనెన్నడు తినలే."

"చానా మంచిగుండె" అన్నాను. నిజమే చెప్పాను. ఇప్పుడు తెచ్చిపెడదామంటే ఆమెకు పళ్ళు లేవు.